తులం, వీశె, కుంచం, ఆమడ: పాత కొలతలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లిళ్ల రోజుల్లో తులం గురించి అడుగుతారు. ఎండాకాలం ఆవకాయ పెట్టేటప్పుడు మానిక గురించి అడుగుతారు. ఆస్తి పంపకాలప్పుడు అటక మీది కాగితాలు దించి, పుట్టి అంటే ఎంత అని ఫోను చేస్తారు. ఏళ్ల తరబడి అవే సందేహాలు, దాదాపు అవే మాటల్లో వస్తున్నాయి. చెప్పిందే చెప్పే ఓపిక తగ్గి ఇలా రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొట్టమొదట అడిగేవి

మణుగు అంటే పదకొండు కిలోలని మా తాతగారు, ముప్పై ఏడు కిలోలని మా మామగారు అంటున్నారు. ఎవరి మాట నిజం?

ఇద్దరిదీ నిజమే. మీ తాతగారిది కోస్తా గానీ రాయలసీమ గానీ అయి ఉంటుంది, మామగారిది తెలంగాణ. ఇంగ్లీషు పాలనలోని మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) జిల్లాల్లో మణుగు అంటే 8 వీశెలు, సుమారు 11.2 కిలోలు. నిజాం రాజ్యంలో మణుగు అంటే 40 శేర్లు, సుమారు 37.3 కిలోలు. పేరు ఒకటే అయినా బరువు మూడింతలకు పైగా తేడా. పాత కొలత ఏదైనా ఎదురైతే గ్రాముల్లోకి మార్చే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: ఎక్కడిది, ఎప్పటిది, ఏ సరుకుది. అవి తెలియకుండా చెప్పిన ఏ అంకెనూ నమ్మకండి, నేను చెప్పినా సరే.

ఈ కొలతలు ఎప్పుడు పోయాయి? ఇప్పుడు వాడితే తప్పా?

తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూకాలు విడతలవారీగా మొదలై, 1962 ఏప్రిల్ 1 నాటికి తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందే, 1957 ఏప్రిల్‌లో అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. అంటే ఒక తరం ఐదేళ్లలో డబ్బునూ తూకాన్నీ రెండింటినీ కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. అప్పటి ముసలివాళ్లు పడిన తికమక తలచుకుంటే జాలేస్తుంది. ఇప్పుడు అమలులో ఉన్నది 2009 నాటి తూనికలు, కొలతల చట్టం. మాటల్లో తులం అన్నా వీశె అన్నా ఎవరూ పట్టుకోరు గానీ, బిల్లు మాత్రం గ్రాముల్లో, కిలోల్లో, లీటర్లలో, మీటర్లలోనే ఉండాలి.

ఒకే ఇంటి లెక్కల్లో బెల్లం వీశెల్లో, బియ్యం కుంచాల్లో రాశారు. ఎందుకు?

బెల్లం, చింతపండు, బెండకాయలు తూచేవి. బియ్యం, కందులు, పాలు, నూనె కొలిచేవి. మొదటి రకానికి తక్కెడ, పడికట్టు రాళ్లు కావాలి. రెండో రకానికి ఒక పాత్ర చాలు. ధాన్యం పండే ప్రతి ఇంట్లోనూ కుంచం ఉండేది, తక్కెడ మాత్రం కోమటి కొట్లోనే ఉండేది. అందుకే గింజల లెక్కంతా పాత్రలతో నడిచింది. తూనికకు, కొలతకు మన భాషలో వేరువేరు మాటలున్నాయి. ఈ రోజుల్లో రెండింటినీ కలిపి కొలత అనేస్తున్నాం.

## బంగారం దగ్గర

తులం అంటే 10 గ్రాములా, 11.66 గ్రాములా?

అసలు తులం 11.66 గ్రాములు. ఇంగ్లీషు వాళ్లు 1833లో తులాన్ని తమ తూకంలో 180 గ్రెయిన్లుగా స్థిరపరిచారు. ఆనాటి వెండి రూపాయి బరువు కూడా అంతే. ఇప్పుడు హైదరాబాదు నగల కొట్లలో తులం అంటే 10 గ్రాములనే అనుకుంటున్నారు. పత్రికల్లో వచ్చే ధర పది గ్రాములకు కాబట్టి నోటికి అదే అలవాటైంది. చిక్కు ఎక్కడంటే, మీ నాయనమ్మ ఐదు తులాల గొలుసు 58 గ్రాములు తూగాలి, మీరు కొన్న ఐదు తులాల గొలుసు 50 గ్రాములే తూగుతుంది. పంపకాల్లో ఇద్దరు అక్కచెల్లెళ్లకు చెరో ఐదు తులాలు అని నోటితో చెప్పి సరిపెట్టిన ఒక ఇంట్లో ఎనిమిది గ్రాముల తేడా మీద రెండేళ్లు మాటలు లేకపోవడం నేను చూశాను. గ్రాముల్లో రాసుకోండి. అన్నట్టు, గల్ఫ్ నుంచి వచ్చే పది తులాల బంగారు బిస్కెట్టు మాత్రం ఇప్పటికీ పాత తులం లెక్కే. దాని బరువు 116.6 గ్రాములు.

కాసు, సవరం, తులం మూడూ ఒకటేనా?

కావు. కాసు, సవరం ఒకటి, తులం వేరు. సవరం అనే మాట సావరిన్ అనే ఇంగ్లీషు బంగారు నాణెం పేరు నుంచి వచ్చింది. ఆ నాణెం 22 క్యారెట్లది, బరువు 7.99 గ్రాములు. దాన్నే గుండుగుత్తగా 8 గ్రాములు అంటున్నారు. కోస్తాలో పెళ్లి మాటలు కాసుల్లో నడిస్తే తెలంగాణలో తులాల్లో నడుస్తాయి. వియ్యంకులు రెండు ప్రాంతాల వాళ్లయితే ఆ తేడా ముందే తేల్చుకోవడం మంచిది. పది కాసులు 80 గ్రాములైతే పది తులాలు ఇప్పటి లెక్కలో 100 గ్రాములు.

గురివింద గింజలతో నిజంగా బంగారం తూచేవారా?

తూచేవారు. ఎర్రగా ఉండి ఒక పక్క నల్లమచ్చ ఉన్న ఆ గింజే ఉత్తరాదిన రత్తీ. ఎనిమిది గింజలు ఒక మాషం, పన్నెండు మాషాలు ఒక తులం, అంటే తులానికి 96 గింజలు. గింజ ఒక్కంటికి సుమారు 0.12 గ్రాములు. గింజలన్నీ ఒక్క బరువు ఉండవు కాబట్టి కంసాలులు ఏరి పెట్టుకునేవారు. గురివింద గింజ తన కింద నలుపెరుగదనే సామెత అందరికీ తెలుసు. ఊళ్లో వాళ్ల బంగారాన్నంతా తూచే గింజ అది అని గుర్తుంచుకుంటే ఆ సామెతలోని చురుకు ఇంకా బాగా తగులుతుంది.

మా అమ్మమ్మ తన ముక్కుపుడకను 'బేడెత్తు' అంటుంది. బేడ డబ్బు కదా?

డబ్బే, తూకం కూడా. ఎత్తు అంటే ఇక్కడ బరువు. రూపాయి ఎత్తు అంటే తులం. రూపాయికి 16 అణాలు, బేడ అంటే రెండు అణాలు. కాబట్టి బేడెత్తు అంటే తులంలో ఎనిమిదో వంతు, సుమారు 1.46 గ్రాములు. పావలా ఎత్తు 2.9 గ్రాములు, అర్ధరూపాయి ఎత్తు 5.8 గ్రాములు. తూకపు రాళ్లు లేని చోట రూపాయి బిళ్లనే తక్కెడలో వేసి తూచేవారు. ఇప్పటి రూపాయి బిళ్లతో ఆ పని చేయబోకండి, దాని బరువుకు ఈ లెక్కతో సంబంధం లేదు.

## కిరాణా కొట్టు దగ్గర

వీశె అంటే ఎంత? అందులో సగం, పావులకు పేర్లు ఉన్నాయా?

వీశె 120 తులాలు, అంటే 1.4 కిలోలు. అది 40 పలాలు. పలం మూడు తులాలు, 35 గ్రాములు. పది పలాలు పదలం, ఇది పావు వీశె, 350 గ్రాములు. ఐదు పలాలు ఏబలం, 175 గ్రాములు. కూరగాయల బేరంలో పదలం, ఏబలం మాటలు కిలోలు వచ్చాక కూడా చాలాకాలం బతికాయి. ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువు. బారువు దాదాపు 224 కిలోలు.

ఈ వీశె సముద్రం దాటి బర్మా వరకు వెళ్లింది. ఇంగ్లీషులో 'విస్' అని రాసే తూకం దక్షిణాది మాటే. మయన్మార్‌లో అది ఇప్పటికీ వాడుకలో ఉంది, కాకపోతే అక్కడ 1.63 కిలోలు. రంగూన్ వెళ్లివచ్చిన పూర్వీకుల ఉత్తరాల్లో వీశె కనిపిస్తే, ఏ ఒడ్డున కూర్చుని రాశారో చూడండి.

వీశె, వీసం ఒకటేనా?

రెండిటికీ ఏ పోలికా లేదు, అక్షరాలు దగ్గరగా ఉన్నాయంతే. వీశె తూకం. వీసం భిన్నం, పదహారో వంతు. 'వీసమెత్తు కూడా అనుమానం లేదు' అని రోజూ పత్రికల్లో చదువుతున్నది ఈ పదహారో వంతునే. 'వీశెడు నిజం లేదు' అని ఒక యువకుడు రాసిన వ్యాసం నా చేతికి వచ్చింది. కిలో నాలుగు వందల గ్రాముల నిజం లేదన్నాడు, ఒక కిలో వరకు ఉందేమో!

హైదరాబాదు మార్కెట్లో పెద్దవాళ్లు పావుశేరు, నవటాకు, ఛటాకు అంటారు. లెక్క చెప్పండి.

అక్కడి శేరు 80 తులాలు, 933 గ్రాములు. అందులో సగం అర్ధశేరు, 466 గ్రాములు. పావుశేరు 233, దానిలో సగమైన నవటాకు 117, అందులోనూ సగమైన ఛటాకు 58 గ్రాములు. ఇప్పటి వాడుకలో పావుశేరు అంటే పావుకిలో అనే అర్థం స్థిరపడింది కాబట్టి కొనేవాళ్లకు లాభమే. ఒక్క జాగ్రత్త: మద్రాసు తూకంలోని శేరు 24 తులాలే, అంటే 280 గ్రాములు. నెల్లూరు తాతగారి శేరూ వరంగల్ తాతగారి శేరూ ఒకటి కావు.

వైద్యం పుస్తకంలో 'పలం' అని ఉంది. 35 గ్రాములు వేయాలా?

వద్దు. 35 గ్రాములది కొట్టు పలం. ఆయుర్వేదంలో పలం నాలుగు కర్షాలు, ప్రభుత్వ ఆయుర్వేద యోగ సంగ్రహం దాన్ని 48 గ్రాములుగా తీసుకుంటుంది. పాత పుస్తకం చూసి సొంతంగా మందు తయారు చేసుకోవడం మానండి, వైద్యుడి దగ్గరకు వెళ్లండి. కొలత మారితే మందు కూడా విషమవుతుంది.

## గింజలు కొలిచేటప్పుడు

గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ... వీటి వరుస ఏమిటి?

నాలుగు గిద్దలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. నాలుగు కుంచాలు తూము. ఇరవై తూములు పుట్టి. సోల నుంచి కుంచం దాకా ప్రతిసారీ రెట్టింపే. అందుకే చదువు రాని వాళ్లు కూడా తడుముకోకుండా లెక్క చెప్పగలిగారు. తూముల లెక్కలో చక్కని పేర్లున్నాయి: రెండు తూములు ఇద్దుం, మూడు ముత్తుం, ఐదు ఏదుం, పది పందుం. 'ఏదుం తిన్నా ఏకాశే, పందుం తిన్నా పరగడుపే' అనే సామెతను ఈ లెక్కతో చదవండి. ఐదు తూములు తిన్నా ఏకాదశి ఉపవాసమేనట, పది తూములు తిన్నా కడుపు ఖాళీయేనట. ఎంత పెట్టినా తృప్తి లేనివాడి మీద ఇంత కచ్చితమైన లెక్కతో వేసిన చురక మరొకటి నాకు తెలియదు.

సోలెడు, తవ్వెడు అంటారు కదా, సోల, తవ్వ అంటే చాలదా?

సోల పాత్ర పేరు. సోలెడు అంటే ఆ పాత్ర నిండా పట్టినంత. ఆ 'ఎడు' మన భాషలో కొలతను పుట్టించే ప్రత్యయం. చిటికెడు ఉప్పు, పిడికెడు మెతుకులు, దోసెడు మల్లెలు, గంపెడు సంతానం, జానెడు పొట్ట అన్నీ ఈ వరుసలోవే. పుట్టెడు దుఃఖం కూడా. పుట్టెడు అంటే మూడు వందల ఇరవై మానికలు. ఆ మాట మొదట అన్నవాళ్లకు ఆ రాశి కళ్లముందు కనిపించి ఉంటుంది. ఇప్పుడు మనకు ఉత్త 'చాలా' అని మాత్రమే వినిపిస్తోంది.

మా అత్తగారి ఆవకాయ లెక్క మానికల్లో ఉంది. ఒక మానిక ఎన్ని గ్రాములు?

గ్రాములు అడిగితే జవాబు లేదు. మానికెడు కారం, మానికెడు ఉప్పు, మానికెడు ఆవపిండి మూడూ మూడు బరువులు తూగుతాయి. పైగా మానిక ప్రాంతాన్ని బట్టి, ఒక్కోసారి ఊరిని బట్టి మారేది. కానీ మీకు గ్రాములు అవసరం లేదు. ముక్కలు, కారం, ఉప్పు, ఆవపిండి అన్నీ మానికల్లోనే రాసి ఉంటే ఏదో ఒక గిన్నె తీసుకుని అదే మానిక అనుకోండి, పాళ్లు కుదురుతాయి. చిక్కు వచ్చేది ముక్కలు వీశెల్లో, కారం సోలల్లో రాసినప్పుడే. అప్పుడు ఆ ఇంటి అసలు సోల దొరికితే తప్ప సరైన లెక్క తేలదు. దొరకకపోతే కొద్దిగా పెట్టి రుచి చూసి సవరించుకోవడమే దారి. ఉప్పు మాత్రం తగ్గించకండి, పచ్చడి నిలవ ఉండేది దాని వల్లే.

కొలిచేటప్పుడు 'ఒకటి' అనకుండా 'లాభం' అంటారెందుకు?

కళ్లంలో మొదటి కుంచం పోస్తూ 'లాభం' అని, తరువాత 'రెండు, మూడు' అంటారు. శుభం పలికి మొదలుపెట్టడమే ఉద్దేశం. ఇందులో ఒక తంటా ఉంది. పాత లెక్కల్లో 'లాభం' అని రాసి ఉంటే అది వ్యాపారంలో మిగులు అనుకుని కూడిక వేసేవాళ్లున్నారు. అది కుంచం లెక్కలో మొదటి సంఖ్య.

పుట్టి ధాన్యం అంటే ఎన్ని కిలోలు?

పుట్టి అసలు తూకం కాదు, కొలత. కొలిచే కుంచం ఎక్కడికక్కడ వేరు కాబట్టి పుట్టి కూడా వేరే. నేటికీ వ్యాపారంలో బతికి ఉన్నది నెల్లూరు పుట్టి. అక్కడ పుట్టి వడ్లు అంటే 850 కిలోలు, ధాన్యం ధరలను పుట్టికి ఇంత అనే చెబుతారు. గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో ఆ స్థానాన్ని 75 కిలోల బస్తా ఆక్రమించింది. నెల్లూరు అంకెతో మరో జిల్లా కాగితాన్ని లెక్కగట్టకండి.

## పొడవు, దూరం

బెత్త, జాన, మూర, బార అంగుళాల్లో ఎంతెంత?

నాలుగు వేళ్ల వెడల్పు బెత్త, సుమారు 3 అంగుళాలు. చాపిన బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస వరకు జాన, 9 అంగుళాలు. మోచేయి నుంచి నడిమివేలి కొస వరకు మూర, 18 అంగుళాలు. రెండు చేతులూ బారచాపితే బార, 6 అడుగులు. మూడు బెత్తలు జాన, రెండు జానలు మూర, రెండు మూరలు గజం, నాలుగు మూరలు బార. మనిషి బార దాదాపు అతని ఎత్తుకు సమానం. బావుల లోతు చెప్పేటప్పుడు ఆ ఎత్తునే నిలువు అన్నారు. మూడు నిలువుల నీరు అంటే మనిషి మీద మనిషి ముగ్గురు నిలబడినంత లోతు. సముద్రం మీదికి వెళ్లే మత్స్యకారులు నీటి లోతును ఇప్పటికీ బారల్లో చెబుతారు.

పూలమ్మే ఆవిడ మూర, నా మూర ఒకటి కావడం లేదు. మోసమా?

శరీరమే కొలబద్ద అయినప్పుడు ఈ తగాదా తప్పదు. పొట్టి చేతులవాళ్లు అమ్మితే వాళ్లకు లాభం, పొడుగు చేతులవాళ్లు కొలిస్తే మనకు లాభం. దానికి తోడు మోచేయి దగ్గర దండను కాస్త ముందుకు జరిపి పట్టుకునే నేర్పు ఒకటుంది. చట్టం మీటరు అంటుంది గానీ, మల్లెపూల దగ్గర చట్టం ఏనాడూ నెగ్గలేదు. మూరకు నాలుగు వేళ్లు ఎక్కువ కొలవమని అడగండి, అమ్మే ఆవిడ నవ్వి కొలుస్తుంది. పూల బేరంలో అది మామూలే.

ఆమడ, క్రోసు అంటే ఎన్ని కిలోమీటర్లు?

క్రోసును కోసు అని కూడా అంటారు. అది రెండు మైళ్ల పైచిలుకు, మూడు మూడున్నర కిలోమీటర్లు. నాలుగు క్రోసులు ఆమడ. ఎనిమిది నుంచి పది మైళ్లని అంటారు, అంటే 13 నుంచి 16 కిలోమీటర్లు. అంత తేడా ఎందుకంటే, అవి గొలుసు పెట్టి కొలిచినవి కావు, నడిచి చెప్పినవి. మూటతో, పిల్లలతో నడిస్తే ఆమడ దాటేసరికి పూట గడిచేది. 'ఆమడ దూరంలో ఉంచాడు' అనే మాటలో ఆ పూట నడక అంతా ఉంది. మైలు మాత్రం కచ్చితం: 1.609 కిలోమీటర్లు, ఎనిమిది ఫర్లాంగులు. ఫర్లాంగు 220 గజాలు, 201 మీటర్లు.

కూతవేటు దూరం అంటే ఎంత?

కూత పెడితే వినిపించేంత. గాలి ఎటు వీస్తోంది, మధ్యలో చెట్లున్నాయా, పిలిచేవాడి గొంతు ఎలాంటిది అన్నదాన్ని బట్టి మారుతుంది. దీన్ని మీటర్లలోకి మార్చమని అడిగేవాళ్లున్నారు, మార్చకండి. పోలీసు స్టేషనుకు కూతవేటు దూరంలో దొంగతనం అని పత్రికలో రాస్తే, అరిచినా వినేవాళ్లు ఉన్నారు కదా అనే ఎత్తిపొడుపే ఆ వాక్యంలోని కొలత.

## పాత కాగితాలు చేతికి వచ్చినప్పుడు

లెక్కల పుస్తకంలో అంకెల పక్కన నిలువు గీతలు, అడ్డ గీతలు ఉన్నాయి. అవి ఏమిటి?

అవి భిన్నాలు. పాత తెలుగు లెక్క నాలుగో వంతులుగా దిగుతుంది: పావు, పావులో పావు వీసం, వీసంలో పావు కాని. నిలువు గీతలు ఒకటి, రెండు, మూడు పావులను చెబుతాయి, తరువాతి స్థానంలో అడ్డ గీతలు ఒకటి, రెండు, మూడు వీసాలను చెబుతాయి. కాని దగ్గర మళ్లీ నిలువు గీతలే. నిలువు గీతలు రావలసిన స్థానం ఖాళీ అయితే వేసే గుర్తు హళ్లి, భిన్నాల సున్న అన్నమాట. 'హళ్లికి హళ్లి, సున్నకు సున్న' అనే మాట అక్కడిదే. భిన్నాల్లోనూ ఏమీ లేదు, అంకెల్లోనూ ఏమీ లేదు. ఈ గుర్తులకు కంప్యూటర్ అక్షరాల పట్టిక అయిన యూనికోడ్‌లో చోటు దొరికింది, తూముకు విడిగా ఒక గుర్తు కూడా ఉంది. కాబట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు వాటిని పొరపాటు గీతలనుకుని వదిలేయకండి.

దస్తావేజులో 'పుట్టెడు భూమి' అని ఉంది. ఎన్ని ఎకరాలు?

పుట్టెడు విత్తనాలు పట్టే నేల అని అర్థం. నేల సారాన్ని, పంటను, చల్లే పద్ధతిని బట్టి విస్తీర్ణం మారుతుంది కాబట్టి దాన్ని నేరుగా ఎకరాల్లోకి మార్చే సూత్రం లేదు. సరిహద్దులు, సర్వే నంబరు చూసి రికార్డుతో సరిపోల్చుకోవాలి. సర్వే జరిగాక వచ్చిన కొలతల్లో ఇబ్బంది లేదు: ఎకరం 4,840 చదరపు గజాలు, అది ఆంధ్రలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. గుంట 121 చదరపు గజాలు, రెండున్నర సెంట్లు. ఇళ్ల స్థలాలు కొలిచే అంకణం దగ్గర మాత్రం ఆగి అడగండి. కొన్నిచోట్ల 36 చదరపు అడుగులు, మరికొన్నిచోట్ల 72. బయానా ఇచ్చే ముందు అడగవలసిన ప్రశ్న అది.

అటక మీద మా తాతల నాటి ఇత్తడి కుంచం, సోల దొరికాయి. వాటితో ఏం చేయాలి?

ముందు చింతపండుతో గట్టిగా తోమకండి, అంచున గానీ అడుగున గానీ ముద్ర ఉంటే చెరిగిపోతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి ముద్రను ఫోటో తీసుకోండి. తరువాత ఖాళీ పాత్రను వంటింటి కాటా మీద పెట్టి, అంచు వరకు నీళ్లు పోసి మళ్లీ తూచండి. పెరిగిన గ్రాములు ఎన్నో, ఆ పాత్రలో పట్టే మిల్లీలీటర్లు దాదాపు అన్నే. ఆ అంకెను, ఊరి పేరును, ఎవరి ఇంటిదో ఆ పేరును ఒక చీటీ మీద రాసి పాత్రలోనే వేసి ఉంచండి. మీ ఇంటి పాత పచ్చళ్ల లెక్కలన్నీ ఆ చీటీ చూసుకుని మార్చుకోవచ్చు.